సంబంధం గడిలో రాసిన మాట

నర్సమ్మ సభలో లేచి నిలబడి తన మాట వెనక్కి తీసుకున్నది ఒక గురువారం. ఆ పూట మా ఇంట్లో టీవీ ముందు మా అత్తగారూ నేనూ కూర్చుని ఉన్నాం. నేను మా ఆయన డ్రైవరు చొక్కాకి ఊడిన గుండీ కుడుతున్నాను.

"నేను చెప్పిన బంధువును సభ ముందు చూపించలేకపోతున్నాను. కాబట్టి నా మాట ఉపసంహరించుకుంటున్నాను. సభకు క్షమాపణ చెబుతున్నాను," అంది నర్సమ్మ.

అంతే. నిమిషం కూడా పట్టలేదు. ఎవరో బల్ల చరిచారు. ఎవరో నవ్వారు. ఆమె కూర్చుని, కళ్లద్దాలు తీసి, రుమాలుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఎదురుగా ఉన్న కాగితాల కట్టకి తాడు బిగించుకుంది.

"చూశావా, పెద్ద సభలో అబద్ధాలాడితే ఏమవుతుందో," అన్నారు అత్తగారు.

నేను గుండీ మీదే చూపు నిలిపి దారం లాగాను. ఆమె చూపించలేకపోయిన ఆ బంధువును నేనే.

నర్సమ్మకి అసలు పేరు ఒకటుంది. ఓటు కాగితం మీద అచ్చయింది కూడా. కానీ మా పేటలో ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ముప్ఫై ఒక్క ఏళ్లు సర్కారు ఆసుపత్రిలో కట్లు కట్టింది. పేటలో సగం మంది మోకాళ్లూ మోచేతులూ ఆమెకు తెలుసు. దారిలో మనిషి ఎదురైతే ముందు మొహం చూసేది కాదు, నడక చూసేది. "కాలు ఇంకా ఈడుస్తున్నావేం? కట్టు తడిపావు కదూ?" అనేది. ఆ తర్వాతే ఎలా ఉన్నావని అడిగేది. భర్త పెళ్లయిన మూడో ఏడే పోయాడు. పిల్లల్లేరు. సైకిళ్లు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల్లో ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆమె పార్లమెంటుకు ఎలా వెళ్లిందంటే, నిజం చెప్పాలంటే ఎవరూ అనుకోకుండా వెళ్లింది. ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడు, ఒక చిన్న పార్టీకి మా వైపు నిలబెట్టడానికి మనిషి దొరకలేదు. పెద్ద పార్టీల వాళ్లు ఇద్దరూ ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టుకుని రచ్చకెక్కారు. జనానికి విసుగొచ్చి, కనీసం ఈమె చెయ్యి మెత్తనిది అనుకుని గుద్దేశారు. గెలిచిన రోజు మెడలో దండతో మెట్లెక్కుతూ, "ఇప్పుడు నేనక్కడికెళ్లి ఏం చెయ్యాలర్రా?" అని అడిగిందట.

ఏం చెయ్యాలో ఆర్నెల్లలో తేల్చుకుంది. ప్రశ్నలడగాలి. ఆసుపత్రుల మీదా, పింఛన్ల మీదా, జైళ్ల మీదా. ఈ మూడూ ఎందుకని ఎవరో అడిగితే, "మనిషి మంచాన పడ్డా, చేతిలో పని పోయినా, లోపల పడ్డా, మాట వినేవాళ్లుండరు. నాకు తెలిసింది అలాంటివాళ్లే," అంది.

ఆమెకో పద్ధతుంది. తన కంటితో చూసిందే అడుగుతుంది. దాని కింద బాధ పడ్డ మనిషి సంతకం ఉండాలి. సంతకం లేకపోతే ఆ కాగితం సొరుగులోనే ఉంటుంది. "పుండు చూపించకుండా కట్టు కట్టమంటే ఎలా కడతానయ్యా?" అనేది. ఒకసారి ఆరోగ్యమంత్రి ఫలానా ఆసుపత్రిలో అరవై మంచాలున్నాయని జవాబిచ్చాడు. ఈమె లేచి, "అరవై ఉన్నాయి, నేనూ లెక్కపెట్టాను. పరుపులున్నవి ఎన్ని?" అంది. మంత్రి కాగితాలు తిరగేశాడు. "మంచమంటే మంచమేనండి," అన్నాడు. "అయితే ఈ రాత్రి మీరు దాని మీద పడుకుని చూడండి," అంది. మర్నాడు మా పేటంతా అదే నవ్వు. ఇంకోసారి, పింఛను కావాలంటే ముసలివాళ్లు ఏటేటా బతికే ఉన్నామని కాగితం తేవాలని రూలు పెట్టారు. ఈమె సంక్షేమ మంత్రిని, "మీరు ఈ ఏడు తెచ్చారా?" అని అడిగింది.

మా అత్తగారికి కూడా ఆ రోజుల్లో నర్సమ్మంటే గొప్ప. టీవీలో ఆమె లేచిందంటే చేతిలో పని వదిలేసి వచ్చేవారు.

ఇక మా తమ్ముడి సంగతి.

వాడికి తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. నేను ఐదో తరగతి దగ్గర చదువు ఆపి ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి వాణ్ణి నేనే పెంచాను. కరెంటు పని నేర్చుకున్నాడు. చెయ్యి మంచిది, నోరు అంతకంటే మంచిది. నవ్వించకుండా ఒక్క తీగ కూడా కలిపేవాడు కాదు. పందొమ్మిదో ఏట ఒక పొద్దున మా గుమ్మం ముందే వాడికి ఫిట్స్ వచ్చాయి. చుట్టూ జనం. ఒకాయన చేతిలో తాళాలు పెట్టమంటాడు, ఒకావిడ మొహాన నీళ్లు కొట్టమంటుంది. నర్సమ్మ డ్యూటీకి వెళ్తూ ఆగి, అందర్నీ మోచేత్తో తోసేసి, వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టింది. తల కింద తన సంచి పెట్టింది. వాడు తేరుకున్నాక నాతో, "ఇది దయ్యమూ కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. రోజూ రెండు పూటలా బిళ్ల వేసుకుంటే నీకంటే గట్టిగా బతుకుతాడు. ఒక్క పూట మానినా ఊరుకోదు. గుర్తుపెట్టుకో," అంది.

గుర్తుపెట్టుకున్నాను. తొమ్మిదేళ్లు వాడు ఒక్క పూట మానలేదు. మళ్లీ ఒక్కసారి కూడా పడిపోలేదు.

తర్వాత తప్పు చేశాడు. చేయలేదని నేననను. పని చేస్తున్న చోట రాగి తీగ చుట్టలు బయటికి దాటించాడు. ఒక్కడే కాదు, కానీ పట్టుబడింది ఒక్కడే. ఏడాదిన్నర శిక్ష పడింది.

మా ఇంట్లో ఆ వారం ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఎనిమిదో రోజున పక్కింటావిడ వచ్చి, "మీ తమ్ముడు కనపడ్డంలేదేం?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు, "ఓడలో పని దొరికిందమ్మా. కరెంటు పనే. మొన్ననే వెళ్లాడు," అన్నారు. ఆ ఓడ ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఓడ చూసిన పాపాన పోలేదు.

అప్పట్నుంచి ఓడ పెరగడం మొదలుపెట్టింది. దానికి మూడు అంతస్తులొచ్చాయి. మా తమ్ముడి కింద ఇద్దరు మనుషులు పనిచేస్తున్నారు. దర్జీ భార్య కనిపించినప్పుడల్లా, "అక్కా, ఓడ ఎక్కడిదాకా వచ్చింది? వచ్చేటప్పుడు మాకో గడియారం తెమ్మని చెప్పు," అనేది. నేను నవ్వి, "చెప్తాలే," అనేదాన్ని.

జైలుకి ములాఖత్‌కి నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని, రెండు వారాలకోసారి. మొదటిసారి బయలుదేరుతుంటే మా అత్తగారు వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "అక్కడ పుస్తకంలో ఏమవుతావని రాయమంటారట. అక్క అని రాశావంటే ఇంటికి పోలీసులొచ్చి విచారిస్తారు. వీధంతా చూస్తుంది. తెలిసినవాళ్లమని రాసి రా. పెన్ను నీ చేతిలోనే కదా ఉంటుంది," అన్నారు.

గేటు దగ్గర ఇనుప బల్ల మీద పెద్ద రిజిస్టరు. ఖైదీ పేరు, వచ్చినవాళ్ల పేరు, సంబంధం, సంతకం. ఆ పుస్తకానికి పెన్ను పురికొసతో కట్టేసి ఉంది. సంబంధం అన్న గడిలో 'పరిచయం' అని రాశాను. రాసే ముందు రెండుసార్లు పెన్ను కింద పెట్టి తీశాను కానీ అక్షరాలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ప్రతిసారీ అదే. రెండోసారి నుంచి పెన్ను కింద పెట్టలేదు. సిగ్గుపడాల్సింది అక్కడే.

లోపల ఇనుప జాలీ వెనకాల తమ్ముడు ఎప్పుడూ నవ్వుతూనే వచ్చేవాడు. "ఏంటక్కా, ఓడ మునగలేదు కదా?" అనేవాడు. ఓడ సంగతి నేనే చెప్పాను. వాడికది భలే నచ్చింది. "మీ అత్తగారిని అడుగు, నన్ను కెప్టెన్ని ఎప్పుడు చేస్తుందో," అనేవాడు.

ఆరోసారి వెళ్లినప్పుడు నవ్వలేదు.

"అక్కా, ఇక్కడ ఆసుపత్రిలో నా బిళ్లలు అయిపోయాయి. ఐదు రోజులైంది. రేపు వస్తాయి, ఎల్లుండి వస్తాయి అంటున్నారు. నువ్వు తేగలవా?"

"తెస్తాను. రేపే తెస్తాను."

"తల లోపల ఏదో గిర్రుమంటోందక్కా," అన్నాడు.

మర్నాడే డాక్టరు చీటీ, బిళ్లల పెట్టె పట్టుకుని వెళ్లాను. రిజిస్టరు దగ్గర ఉన్న వార్డరు పెద్ద వయసువాడు, మర్యాదస్థుడు. చీటీ చూశాడు, పెట్టె చూశాడు, పేజీలు వెనక్కి తిప్పాడు.

"అమ్మా, బయటి మందులు రక్తసంబంధం ఉన్నవాళ్లు తెస్తేనే తీసుకోవాలి. మీది ఆరు సార్లూ పరిచయం అనే ఉంది."

"అవునండి."

"అక్కో చెల్లెలో అయితే చెప్పండి. ఇక్కడే దిద్దుతాను, మందు లోపలికి పోతుంది. మీ అడ్రసు ఒకటి రాసుకోవాలి, అంతే."

అడ్రసు అనగానే మా వీధి కళ్ల ముందుకు వచ్చింది. గుమ్మం ముందు పోలీసు. ఎదురింటి కిటికీ. గడియారం కావాలన్న దర్జీ భార్య. నా వెనక వరసలో పదిమంది నిలబడి ఉన్నారు, ఎవరో దగ్గారు.

"మళ్లీ వస్తానండి," అన్నాను.

"మందు?"

"అదీ అప్పుడే తెస్తాను."

వార్డరు పెన్ను నా వైపు జరిపాడు. ఏడో వరసలోనూ 'పరిచయం' అనే రాశాను. నేను సంతకం పెట్టాను. పెట్టె సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఇంటికొచ్చి పంచదార డబ్బా వెనక పెట్టాను. మా ఆయన్ని అడిగి రాద్దాంలే అనుకున్నాను. ఆయన ఆ వారం దూరం బస్సు మీద ఉన్నారు. ఆయన వచ్చేసరికి మా అత్తగారికి జ్వరం. ఇలా చెప్పుకుంటూ పోతే కారణాలకేం, చాలా ఉన్నాయి. రెండు వారాలు గడిచాయి.

ఈసారి అక్క అనే రాయాలని గట్టిగా అనుకుని వెళ్లాను. రిజిస్టరు దగ్గర వేరే వార్డరున్నాడు, కుర్రతనం ఇంకా పోనివాడు. పేరు చెప్పాను. వాడు ఇంకో పుస్తకం తెరిచి, వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్లి ఆగాడు.

"ఈ మనిషి లేడండి. పోయి తొమ్మిది రోజులైంది. ఫిట్స్ వచ్చాయట. బంధువులెవరూ లేరని ఇక్కడే అంత్యక్రియలు చేసేశారు." తలెత్తి, "మీరేమవుతారు?" అన్నాడు.

"పరిచయం," అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదు. అలవాటైన నోరు, దాని దారిన అది అనేసింది. వాడు, "పోన్లెండి అయితే," అన్నాడు. కాస్త తేలికపడ్డట్టు కూడా అనిపించింది వాడి మొహం. నేను బయటికొచ్చి బస్టాపు బెంచీ మీద కూర్చున్నాను. మూడు బస్సులు పోనిచ్చాను.

ఓడలో ఉన్న మనిషి కోసం ఏడవడానికి వీల్లేదు. ఇంట్లో పంపు తిప్పి నీళ్ల చప్పుడులో ఏడ్చేదాన్ని. మా ఆయనకి చెప్పాను. ఆయన, "నన్నడిగితే రాయమనేవాణ్ణి కదా. పోలీసులొస్తే రానీ, కూర్చోబెట్టి టీ ఇచ్చేవాళ్లం," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటిదాకా నేను తప్పంతా ఇంట్లోవాళ్ల మీద వేసి బతుకుతున్నాను. ఆ మాటతో అది కూడా పోయింది.

పది రోజుల తర్వాత నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. పొద్దున్నే, కొట్టు తెరవకముందు, వెనక మెట్ల మీదుగా. ఆమె పళ్లు తోముకుంటోంది. నోరు కడుక్కుని కూర్చోబెట్టింది. అంతా చెప్పాను. బిళ్లల పెట్టె చూపించాను. ఆమె దాన్ని తెరిచి, వెనక తారీఖు చదివి, మళ్లీ మూసింది.

"సంతకం పెడతావా?"

"పెట్టలేనమ్మా. మా ఇంట్లో... మా వీధిలో ఇంకా ఓడలోనే ఉన్నాడనుకుంటున్నారు."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ జైల్లో ఇంకా ఎంతమంది ఉన్నారో బిళ్లల మీద బతికేవాళ్లు," అంది. నాతో కాదు, తనతోనే. "సరే అమ్మాయ్. నీ పేరు చెప్పను. ప్రశ్న మాత్రం అడుగుతాను."

గుమస్తా, ఆమె రాతపని చూసే ముసలాయన, ఆ మాట విని లోపలి గదిలోంచి వచ్చాడు. "సంతకం లేకుండానా? మీరా? వాళ్లు నమిలి మింగేస్తారండీ."

"నమలనీ. పళ్లు వాళ్లవి," అంది నర్సమ్మ.

తన పద్ధతి ఆమె తప్పింది నా కోసం. ఇది నేను మర్చిపోకూడదు.

సోమవారం ప్రశ్న వచ్చింది. ఫిట్స్ ఉన్న ఖైదీకి జైల్లో బిళ్లలు అయిపోయిన మాట నిజమేనా? అతని అక్క బిళ్లలు తెస్తే గేటు దగ్గర తిప్పి పంపిన మాట నిజమేనా? మంత్రి లేచాడు. ఈసారి మంచాల మంత్రి కాదు, జైళ్లు చూసే మంత్రి. చదువుకున్నవాడు, గొంతు పెంచడు. చేతిలో రిజిస్టరు పేజీలున్నాయి.

"అధ్యక్షా, ఈ ఖైదీని చూడటానికి ఒకే మనిషి ఏడు సార్లు వచ్చింది. ఏడు సార్లూ పరిచయం అని స్వహస్తాలతో రాసింది. ఏడోసారి మందు తెచ్చినప్పుడు, బంధువైతే చెప్పండి, తీసుకుంటామని మా వార్డరు అడిగాడు కూడా. ఆమె చెప్పకుండా వెళ్లిపోయింది. మా రికార్డుల ప్రకారం ఈ ఖైదీకి అక్క అనే మనిషే లేదు. గౌరవ సభ్యురాలు ఆ అక్క ఎవరో చూపించాలి, లేదా ఆ మాట వెనక్కి తీసుకోవాలి."

ఆయన చెప్పిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను రాసిందే చదివాడు.

సభాపతి గురువారం దాకా గడువిచ్చాడు. నర్సమ్మ "చిత్తం" అని కూర్చుంది. ఆమె ఆ బంధువు ఇల్లు ఎక్కడో చెప్పొచ్చు. తన ఇంటికి రెండు వీధుల అవతలే. చెప్పలేదు.

మంగళవారం పొద్దున నేను బయలుదేరాను. ఈసారి ముందు మెట్ల మీదుగానే. ఆమె ఇంకా రాజధానిలోనే ఉంది కానీ గుమస్తా ఉంటాడు, సంతకం పెడితే అతను పంపుతాడు. పై మెట్టు దాకా ఎక్కాను. తలుపు తెరిచే ఉంది. లోపల బెంచీ మీద దర్జీ భార్య కూర్చుని ఉంది. నన్ను చూసింది. నేను చూశాను.

"అక్కా, నువ్వేంటి ఇక్కడ?"

"ఏం లేదు, నర్సమ్మ ఉందేమోనని. మోకాలు నొప్పి."

"నేనూ అంతే. భుజం."

అని ఇద్దరం నవ్వుకున్నాం. నేను దిగి వచ్చేశాను. బుధవారం మళ్లీ వెళ్దామనుకున్నాను. బుధవారం బట్టలు ఉతుక్కున్నాను.

గురువారం ఏం జరిగిందో ముందే చెప్పాను.

శుక్రవారం సాయంత్రానికి ఆమె రైలు దిగింది. శనివారం పొద్దున జనం ఉండే వేళకే వెళ్లాను. బెంచీల మీద ఎనిమిదిమందో తొమ్మిదిమందో ఉన్నారు. రోజూ కంటే తక్కువే. దర్జీ భార్య కూడా ఉంది, గోడవారగా. గుమస్తా నోటు పుస్తకం తెరిచి, తల ఎత్తకుండానే అడిగాడు.

"పేరు చెప్పావు సరే. ఎవరి గురించమ్మా?"

"మా తమ్ముడి గురించి."

"ఏం చేస్తాడు?"

"జైల్లో పోయాడు. నేను వాడి అక్కని."

గుమస్తా పెన్ను ఆగింది. దర్జీ భార్య, "అదేంటక్కా, ఓడలో..." అంది.

"ఓడ లేదు," అన్నాను. "మొదట్నుంచీ లేదు."

గదిలో అందరూ నా వంకే చూశారు. ఇన్నాళ్లూ నేను భయపడ్డది ఆ చూపుకే. అది వచ్చింది, కాసేపు ఉంది, తర్వాత ఎవరి కాగితాలు వాళ్లు చూసుకున్నారు. ఆ మాత్రం దానికి నేను వాణ్ణి పోగొట్టుకున్నాను.

గుమస్తా కళ్లద్దాలు తీశాడు. "మొన్న వచ్చి ఉంటే... ఒక్క రెండు రోజులు..."

"నువ్వెళ్లి టీ పెట్టు," అంది లోపలి గది గుమ్మంలోంచి నర్సమ్మ.

లోపలికి పిలిచింది. కాళ్లు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను కింద కూర్చోబోతే కుర్చీ చూపించింది. ఏం చెప్పాలో తెలియక, "తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"నాకు కోపం రాలేదని చెప్పను," అంది. "వచ్చింది. రైల్లో రాత్రంతా తిట్టుకున్నాను. ముందు నిన్ను, తర్వాత నన్ను. సంతకం లేకుండా వెళ్లింది నేను కదా. ముప్ఫై ఏళ్లు పుండు దాచినవాళ్లని తిట్టాను, నీది దాచడానికి మాత్రం నేనే ఒప్పుకున్నాను."

"ఇప్పుడు పెడితే?"

"వెనక్కి తీసుకున్న మాట ఇదే సమావేశాల్లో మళ్లీ అడగనివ్వరు. వచ్చే సమావేశాల్లో చూద్దాం." కాగితం నా వైపు జరిపింది. "పెట్టు. ఎందుకూ కొరగాదని మాత్రం పెట్టకుండా ఉండకు."

సంతకం పెట్టాను. పేరు కింద 'అక్క' అని రాశాను. ఆ చిన్న మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆమె బకెట్లోంచి కాళ్లు తీసి తుడుచుకునేదాకా పట్టింది.

తర్వాతి సమావేశాల్లో ఆమె అడిగింది. "సభ్యురాలు స్వయంగా ఉపసంహరించుకున్న విషయం అది. ముగిసిపోయింది," అన్నాడు మంత్రి. మా తమ్ముడి గురించి సభలో అదే ఆఖరు మాట. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. జైళ్లలో ఉన్నవాళ్లలో బంధువులే లేనివాళ్లు ఎంతమంది అని అడిగింది. పదిమందిలో నలుగురని జవాబు వచ్చింది. ఆమె ఆ కాగితం పట్టుకుని, "అధ్యక్షా, మనుషులు పుట్టేది మనుషులకే. ఈ నలుగురికీ ఎవరూ లేక కాదు. మన గేటు దగ్గర చెప్పుకోలేక. మందు తెచ్చినవాళ్లని మీరేమవుతారని అడగడం దేనికి? డాక్టరు చీటీ చాలదా?" అంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదట. నేను చూడలేదు, ఆ పూట టీవీ పెట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. మా ఆయన చెప్పారు.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. గోడల మీద 'అబద్ధాల నర్సు' అని రాశారు. మా వీధి గోడ మీద కూడా. నేను పొద్దున్నే లేచి నీళ్లు పోసి రుద్దాను. ఒక పక్కే పోయింది. ఓడిపోయింది ఆమె. కొద్ది ఓట్లతో కాదు, బాగానే ఓడిపోయింది. ఓడిన మర్నాడు, "అమ్మయ్య, ఇక రైలెక్కే పని లేదు," అంది. గుమస్తా మాత్రం నాతో ఏడాది మాట్లాడలేదు.

ఆ శనివారం తర్వాత మా అత్తగారు నాలుగు రోజులు నా మొహం చూడలేదు. ఐదో రోజు ఎవరో తెలియనావిడ ఓడ గురించి అడిగితే, "మునిగింది," అన్నారు. అని లోపలికి వచ్చి, వాడి ఫొటో ఎక్కడుందో తీసి పెట్టమన్నారు.

ఇప్పుడు నర్సమ్మ ముందు గదిలో బెంచీల మీద కూర్చోబెట్టి కట్లు కడుతుంది. మంగళవారాలు నేను వెళ్లి కట్ల గుడ్డలు ఉడకబెట్టి, ఆరేసి, చుట్టలు చుట్టి పెడతాను. ఆ రోజుల సంగతి ఎప్పుడూ ఎత్తదు. "అంత బిగుతుగా చుట్టకు, విప్పేటప్పుడు చేతులు నొప్పి," అంటుంది. ఆ మాట వినడానికే వెళ్తానేమో.

మొన్న దర్జీ భార్య మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి గోరు కొరుక్కుంటూ, "అక్కా, ఒకసారి నాతో వస్తావా? నాకు రాయడం రాదు," అంది. వాళ్ల పెద్దవాడు లోపల ఉన్నాడట. వాడికి ఉబ్బసం. "ఆ మంగళవారం నర్సమ్మ ఇంట్లో నిన్ను చూశాను చూడు, అప్పటికే వాడు లోపలికెళ్లి రెండు నెలలు. ఇన్నాళ్లూ గేటు దగ్గర ఎవరో ఒకరి చేత ఏదో ఒకటి రాయించేదాన్ని. నువ్వు మెట్లు దిగిపోగానే నేనూ లేచి వచ్చేశాను. నువ్వు వీధిలో చెప్తావేమోనని."

ఒకే బెంచీ మీద ఇద్దరికీ చోటుంది ఆ రోజు.

అదే గేటు. అదే ఇనుప బల్ల. గోడ మీద కొత్త కాగితం అంటించి ఉంది. డాక్టరు చీటీ ఉంటే ఎవరు తెచ్చినా మందులు తీసుకోబడును అని. కింద సీలుంది. ఎవరి పేరూ లేదు. ఎవరు అడిగితే వచ్చిందో, ఎవరు పోతే వచ్చిందో దాని మీద లేదు.

మందు లోపలికి వెళ్లింది. కానీ ములాఖత్ పుస్తకంలో ఆ గడి ఇంకా ఉంది. ఆ పెద్ద వయసు వార్డరే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు, పెన్ను పురికొస సర్ది నా వైపు జరిపాడు. దర్జీ భార్య నా మొహం వంక చూసింది.

"ఏం రాయను?" అని అడిగాను.

ఆమె వెనక వరస వంక చూసింది. "తల్లి అని రాయక్కా," అంది. వినపడీ వినపడనట్టు.

రాశాను. ఆమె వేలిముద్ర వేసింది.

"మీరు కూడా లోపలికి వెళ్తున్నారా? అయితే మీదీ రాయండి," అన్నాడు వార్డరు.

కింది వరసలో నా పేరు రాశాను. సంబంధం అన్న గడిలో 'పరిచయం' అని రాశాను. ఈసారి అది నిజం. అయినా రాసే ముందు పెన్ను ఒకసారి కింద పెట్టి తీశాను.